సాటి యాక్చువరీ తప్పు చేసినప్పుడు: పదమూడో నియమంపై విమర్శనాత్మక పరిశీలన

యూనిట్ – 11

విషయక్రమం
11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 యాక్చువరీ వృత్తికి ఈ నియమం ఎందుకు?
11.3 పదమూడో నియమం ఏం చెబుతోంది?
11.4 నియమంలోని బలాలు
11.5 నియమంలోని లోపాలు
11.6 ఈక్విటబుల్ లైఫ్ అనుభవం
11.7 బ్రిటన్ అనుసరించిన మార్గం
11.8 భారతదేశంలో పరిస్థితి
11.9 ఒక సమస్యా సందర్భం
11.10 సారాంశం
11.11 ముఖ్య పదాలు
11.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• సాటి వృత్తి నిపుణుడి దుష్ప్రవర్తనను తెలియజేయడం ఎందుకు ఒక విధి అయిందో వివరించగలుగుతారు.
• అభిప్రాయ భేదానికీ దుష్ప్రవర్తనకూ గల తేడాను గుర్తించగలుగుతారు.
• గోప్యత విధి, ఫిర్యాదు విధి పరస్పరం ఢీకొనే తీరును విశ్లేషించగలుగుతారు.
• ఒక వృత్తి నియమాన్ని చదివి దాని గుణదోషాలను సొంతంగా విమర్శించగలుగుతారు.

11.1 పరిచయం

వృత్తి నియమావళి అంటే ఏమిటో, అది చట్టానికి ఏ విధంగా భిన్నమో గత యూనిట్‌లో తెలుసుకున్నారు. ఈ యూనిట్‌లో ఒకే ఒక నియమాన్ని తీసుకుని పదం పదంగా పరిశీలిద్దాం. అమెరికాలోని యాక్చువరీల వృత్తి ప్రవర్తనా నియమావళిలో అది పదమూడవది. సాటి యాక్చువరీ నియమాన్ని ఉల్లంఘించాడని మీకు తెలిస్తే మీరు ఏం చేయాలో అది చెబుతుంది.

విమర్శ అనగానే తప్పులు వెదకడం అనుకోకండి. ఒక నియమం ఎవరిని కాపాడటానికి పుట్టింది, దాని మాటలు ఆ పని చేయగలవా, చేయలేకపోతే ఎక్కడ తెగిపోతున్నాయి అని అడగడమే ఇక్కడ విమర్శ. నియమాన్ని కంఠస్థం చేసి పరీక్షలో రాయడం తేలిక. రేపు ఒక కార్యాలయంలో మీ పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి తప్పుడు లెక్క మీద సంతకం పెడుతున్నప్పుడు ఆ నియమం మీకు ఎంతవరకు తోడు వస్తుందో తెలుసుకోవడం వేరే సంగతి.

ఒక మాట మొదటే చెప్పుకోవాలి. మన భాషలో ఇతరుల తప్పును పైవారికి చెప్పడానికి వాడే మాటలు అంత గౌరవమైనవి కావు. బడిలో తోటి పిల్లవాడి సంగతి పంతులుగారికి చెబితే దాన్ని చాడీ అంటాం. సంస్థలోని అక్రమాన్ని బయటపెట్టే వ్యక్తికి పత్రికలు ‘ప్రజావేగు’ అనే మాటను తయారుచేశాయి. అందులోనూ వేగు, అంటే గూఢచారి ఉన్నాడు. ఇంటి గుట్టు రచ్చకెక్కించకూడదన్నది మనకు చిన్ననాటి నుంచి అలవడిన మర్యాద. కాబట్టి ఈ యూనిట్‌ను చదివేటప్పుడు మీలో కొంత సంకోచం కలగడం సహజం. దాన్ని పక్కన పెట్టవలసిన పని లేదు. ఆ సంకోచానికి ఎంత విలువ ఇవ్వాలన్నదే మన చర్చ.

11.2 యాక్చువరీ వృత్తికి ఈ నియమం ఎందుకు?

బీమా, పింఛను, గ్రాట్యుటీ వంటి పథకాలలో భవిష్యత్తులో చెల్లించవలసిన సొమ్మును ఇవాళే లెక్కకట్టి, అందుకు ఎంత నిధి ఉండాలో చెప్పేవాడు యాక్చువరీ. మరణాల రేటు, వడ్డీ రేటు, జీతాల పెరుగుదల, ఉద్యోగం మానేసేవారి సంఖ్య వంటి వాటిపై అంచనాలు వేసి అతడు మదింపు చేస్తాడు.

ఈ పనికి మూడు ప్రత్యేక లక్షణాలున్నాయి.

మొదటిది, ఫలితం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. వంతెన కట్టడంలో తప్పు జరిగితే కొన్నేళ్లలో పగుళ్లు కనిపిస్తాయి. పింఛను నిధి మదింపులో ఇవాళ జరిగిన తప్పు ముప్పై ఏళ్ల తరువాత, ఒక ముసలాయన తన పింఛను కోసం వచ్చినప్పుడు బయటపడవచ్చు. అప్పటికి సంతకం పెట్టిన మనిషి వృత్తిలో ఉండకపోవచ్చు.

రెండవది, నష్టపోయేవారికి తప్పు కనిపించదు. పాలసీదారు తన ప్రీమియం రసీదు చూసుకోగలడు గాని, సంస్థ నిల్వలు సరిపోతాయో లేదో లెక్కించలేడు. డైరెక్టర్లలో కూడా చాలామంది ఆ నివేదికను నమ్మి సంతకం చేసేవారే.

మూడవది, అంచనాలో చిన్న మార్పు వస్తే ఫలితంలో పెద్ద మార్పు వస్తుంది. ఈ లెక్క చూడండి. ఏటా చివర లక్ష రూపాయల చొప్పున 20 ఏళ్లపాటు చెల్లించవలసి ఉందనుకోండి. డిస్కౌంటు రేటు 7 శాతం అనుకుంటే దాని నేటి విలువ సుమారు 10 లక్షల 59 వేలు. అదే రేటును 9 శాతం అనుకుంటే సుమారు 9 లక్షల 13 వేలు. రెండు శాతం తేడాతో చెల్లింపు భారం దాదాపు 14 శాతం తగ్గిపోయింది. చెల్లించవలసిన సొమ్ములో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. కాగితం మీద మాత్రమే తగ్గింది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. యాక్చువరీ తప్పును సకాలంలో పట్టుకోగలిగినవాడు చాలా సందర్భాలలో మరొక యాక్చువరీ మాత్రమే. అతడు కూడా మౌనంగా ఉంటే కంచే చేను మేసినప్పుడు పక్క కంచె చూస్తూ ఊరుకున్నట్లే. సాటివారి దుష్ప్రవర్తనను తెలియజేయాలనే విధికి పునాది ఇదే. వృత్తి గౌరవం కాపాడుకోవడం ఆ తరువాతి ప్రయోజనం.

మీ అభ్యాసనను పరీక్షించుకోండి – 1
1. యాక్చువరీ తప్పును సామాన్య పాలసీదారు ఎందుకు గుర్తించలేడు?
2. డిస్కౌంటు రేటు పెంచితే చెల్లింపు భారం ఎందుకు తగ్గినట్లు కనిపిస్తుంది?

11.3 పదమూడో నియమం ఏం చెబుతోంది?

అమెరికాలోని ఐదు యాక్చువేరియల్ సంస్థలు ఉమ్మడిగా ఆమోదించిన ప్రవర్తనా నియమావళి 2001 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో 14 నియమాలున్నాయి. పదమూడో నియమం సారాంశాన్ని మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు.

మరొక యాక్చువరీ నియమావళిని ఉల్లంఘించినట్లు ఒక యాక్చువరీకి తెలిసింది. ఆ ఉల్లంఘన పైకి కనిపిస్తున్నది, ఇంకా పరిష్కారం కానిది, గణనీయమైనది. అప్పుడు అతడు ముందుగా ఆ యాక్చువరీతోనే మాట్లాడి సరిచేసుకునే ప్రయత్నం గురించి ఆలోచించాలి. అలా మాట్లాడకపోయినా, మాట్లాడి ఫలితం లేకపోయినా, విషయాన్ని వృత్తి క్రమశిక్షణ సంస్థకు తప్పనిసరిగా తెలియజేయాలి. అయితే అలా తెలియజేయడం చట్టవిరుద్ధమైనా, గోప్య సమాచారాన్ని వెల్లడించవలసి వచ్చినా ఈ విధి వర్తించదు.

గణనీయమైన ఉల్లంఘన అంటే ఏమిటో నియమానికి అనుబంధంగా ఉన్న వివరణ చెబుతుంది. ముఖ్యమైనది లేదా ఫలితాన్ని ప్రభావితం చేసేది గణనీయమైనది. అల్పమైనది, ఫలితాన్ని మార్చనిది, కేవలం రూపానికి సంబంధించినది కాదు. మరో వివరణ ప్రకారం, ఇద్దరు యాక్చువరీలు ఒక వివాదంలో ఎదురెదురు పక్షాల తరఫున పనిచేస్తుంటే నేరుగా మాట్లాడాలని ఆశించరు.

ఫిర్యాదు అందుకునే సంస్థ పేరు యాక్చువేరియల్ బోర్డ్ ఫర్ కౌన్సెలింగ్ అండ్ డిసిప్లిన్. సంక్షిప్తంగా ఎ.బి.సి.డి. అంటారు. ఇది 1992లో పని ప్రారంభించింది. ఇందులో 9 మంది సభ్యులుంటారు. విచారణ జరిపి సలహా ఇవ్వడం, లేదా శిక్షకు సిఫారసు చేయడం దీని పని. శిక్ష విధించేది ఆ వ్యక్తి సభ్యుడిగా ఉన్న సంస్థ.

ఈ నియమాన్ని మరి మూడింటితో కలిపి చదవాలి. తొమ్మిదో నియమం గోప్యత గురించి, పదో నియమం తోటి యాక్చువరీల పట్ల మర్యాద, సహకారం గురించి చెబుతాయి. పద్నాలుగో నియమం క్రమశిక్షణ సంస్థకు సత్వరంగా, సత్యంగా, పూర్తిగా సమాధానం ఇవ్వాలంటుంది.

11.4 నియమంలోని బలాలు

మొదటి బలం: ఈ నియమం మౌనాన్ని కూడా తప్పుగానే చూస్తుంది. తెలియజేయవలసిన సందర్భంలో ఊరుకున్నవాడు కూడా నియమావళిని ఉల్లంఘించినవాడే. ‘నేనేమీ చేయలేదు కదా’ అనే సమాధానం చెల్లదు.

రెండవ బలం: ముందు ఆ మనిషితో మాట్లాడమంటుంది. ఇది పైకి మెతకదనంలా కనిపిస్తుంది గాని, ఇందులో న్యాయం ఉంది. ఎదుటివాడి దగ్గర మీకు తెలియని సమాచారం ఉండవచ్చు. మీరు చూసిన పట్టిక పాతది కావచ్చు. చాలా తప్పులు దురుద్దేశంతో కాక తొందరపాటుతో జరుగుతాయి. ఒక్క ఫోన్‌తో సరిపోయే సంగతికి విచారణ అక్కరలేదు.

మూడవ బలం: అల్పమైన వాటిని వదిలేస్తుంది. నివేదికలో తేదీ తప్పు పడితే ఫిర్యాదు చేయమనదు. లేకపోతే వ్యాపారంలో పోటీపడేవారు ఒకరిపై ఒకరు ఫిర్యాదులు గుప్పించుకునేవారు.

నాలుగవ బలం: సంస్థ పేరులోనే శిక్ష కన్నా ముందు సలహా ఉంది. ఏం చేయాలో తోచని యాక్చువరీ దీని నుంచి మార్గదర్శకత్వం కోరవచ్చు. అంటే, ఫిర్యాదు చేయడానికీ ఊరుకోవడానికీ మధ్య మూడో దారి ఒకటి ఉంది.

11.5 నియమంలోని లోపాలు

11.5.1 అభిప్రాయ భేదమా, దుష్ప్రవర్తనా?

పైన చూసిన 7 శాతం, 9 శాతం ఉదాహరణకు తిరిగి రండి. 9 శాతం వాడిన యాక్చువరీ తప్పు చేశాడా? ఆ ఒక్క అంకెను చూసి చెప్పలేం. అంచనాలలో, పద్ధతులలో అభిప్రాయ భేదాలు ఉంటాయని, వాటిని మర్యాదగా, నిష్పాక్షికంగా చర్చించుకోవాలని పదో నియమం వివరణే అంగీకరిస్తుంది. మరి గీత ఎక్కడ గీయాలి? పదమూడో నియమం ఆ గీతను చూపించదు. గణనీయం అనే మాట ఎంత పెద్ద ప్రభావమో చెబుతుంది గాని, అది తప్పో కాదో చెప్పదు.

ఈ లోటును పూరించడానికి మీరు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఆ అంచనాను నివేదికలో దాపరికం లేకుండా చెప్పారా? దానికి కారణాలు రాసి ఉంచారా? ఆ అంకె యాక్చువరీ పరిశీలనలోంచి వచ్చిందా, లేక ‘ఇంత రావాలి’ అని క్లయింటు ముందే చెప్పిన మొత్తం నుంచి వెనక్కి లెక్కించినదా? మొదటి రెండింటికీ అవునని, మూడవదానికి ఆధారాలతో జవాబు వస్తే అది అభిప్రాయ భేదం. దాపరికం, కారణాలు లేకపోవడం, క్లయింటు కోరిన అంకె, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే అది అభిప్రాయం కాదు.

11.5.2 గోప్యత అనే తలుపు

ఈ నియమంలో అన్నిటికన్నా పెద్ద లోపం చివరి మినహాయింపులో ఉంది. గోప్య సమాచారాన్ని వెల్లడించవలసి వస్తే తెలియజేయనక్కర లేదు. గోప్య సమాచారం అంటే ఏమిటి? నియమావళి నిర్వచనం చాలా విశాలమైనది. పని చేస్తున్న క్రమంలో తెలిసి, బహిరంగంగా లేని సమాచారంలో, క్లయింటు బయటపెట్టడానికి ఇష్టపడడని యాక్చువరీ నమ్మడానికి కారణం ఉన్నదంతా అందులోకి వస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. తప్పుడు మదింపు వల్ల లాభపడిన క్లయింటు, దాని ఆధారాలు బయటకు రావడానికి ఇష్టపడతాడా? ఆధారాలు ఎక్కడ ఉంటాయి? క్లయింటు ఇచ్చిన జాబితాలలో, ఉత్తరాలలో, పాత లెక్కల కాగితాలలో. అంటే తప్పు గురించి అందరికన్నా బాగా తెలిసినవాడికే నోరు తెరిచే వీలు అందరికన్నా తక్కువ. బహిరంగ నివేదికలు మాత్రమే చూసి అనుమానించే బయటివాడికి వీలుంది గాని, అతడి దగ్గర ఆధారాలు లేవు. విధిని ఒక వాక్యంలో ఇచ్చి, తరువాతి వాక్యంలో చాలావరకు తిరిగి తీసుకున్నట్లయింది.

దీనికి ప్రతివాదం కూడా ఉంది. దాన్ని తేలికగా కొట్టివేయకూడదు. గోప్యత లేకపోతే క్లయింటు అసలు నిజమైన లెక్కలు చూపించడు. వేల మంది ఉద్యోగుల జీతాలు, వయసులు, ఆరోగ్య వివరాలు యాక్చువరీ చేతికి వస్తాయి. అవి బయటకు పొక్కితే నష్టపోయేది ఆ ఉద్యోగులే. కాబట్టి గోప్యతను తీసివేయమనడం పరిష్కారం కాదు. ఎంత సమాచారం, ఎవరికి, ఏ రక్షణతో చెప్పవచ్చో నిర్ణయించాలి. ఆ పని వృత్తి సంస్థ రాసుకునే నియమం వల్ల పూర్తిగా కాదు. క్లయింటుకు గోప్యతపై ఉన్న హక్కు ఒప్పందం నుంచి, చట్టం నుంచి వచ్చినది. దాన్ని సడలించగలిగినది కూడా చట్టమే.

11.5.3 ఇద్దరూ సమానులేనా?

ఈ నియమం ఇద్దరు యాక్చువరీలను ఒకే ఎత్తులో నిలబెట్టి మాట్లాడుతుంది. వాస్తవంలో ఒకరు ఇరవై ఏళ్ల అనుభవం గల విభాగాధిపతి, మరొకరు నిన్న మొన్న అర్హత పొందిన ఉద్యోగి కావచ్చు. ‘సార్, ఈ లెక్క సరిగా లేదు’ అని చెప్పవలసింది తన పదోన్నతిని నిర్ణయించే మనిషితో. యాక్చువరీల సమాజం ఏ దేశంలోనైనా చిన్నది. అందరికీ అందరూ తెలుసు. ఒక చోట పేరు పాడైతే మరో చోట తలుపు తెరుచుకోదు. పిల్లి మెడలో గంట కట్టాలని తీర్మానించిన ఎలుకల కథ మీకు తెలుసు. తీర్మానం మంచిదే. కట్టేవాడికి ఏమవుతుందన్న ప్రశ్నకు నియమంలో సమాధానం లేదు. ఉద్యోగం పోకుండా కాపాడే శక్తి వృత్తి సంస్థకు ఉండదు.

11.5.4 గడువు లేని సంభాషణ

పరిష్కారం కాని ఉల్లంఘన అన్న మాటకు కాలపరిమితి లేదు. ‘వచ్చే మదింపులో సరిచేస్తాను’ అని అవతలి వ్యక్తి అంటే అది పరిష్కారమా? వచ్చే మదింపు ఏడాది తరువాత కావచ్చు. ఈలోగా డివిడెండు పంచుతారు, బోనస్ ప్రకటిస్తారు. మాట్లాడమని చెప్పిన నియమం, ఆ మాటలను రాసి ఉంచమని గాని, ఇన్ని రోజులలో తేలకపోతే ముందుకు వెళ్లమని గాని చెప్పి ఉంటే బాగుండేది.

మీ అభ్యాసనను పరీక్షించుకోండి – 2
1. గోప్యత మినహాయింపు పదమూడో నియమాన్ని ఎలా బలహీనపరుస్తోంది?
2. అభిప్రాయ భేదాన్ని దుష్ప్రవర్తన నుంచి వేరు చేయడానికి ఏ ప్రశ్నలు వేసుకోవాలి?

11.6 ఈక్విటబుల్ లైఫ్ అనుభవం

1762లో లండన్‌లో స్థాపితమైన ఈక్విటబుల్ లైఫ్ సంస్థలోనే యాక్చువరీ అనే పదవి పేరు మొదట వాడుకలోకి వచ్చింది. అదే సంస్థ యాక్చువరీ వృత్తికి అతి పెద్ద అపఖ్యాతి తెచ్చింది.

ఈ సంస్థ 1957 నుంచి 1988 వరకు హామీతో కూడిన యాన్యుటీ రేటు గల పింఛను పాలసీలను అమ్మింది. వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్నంతకాలం ఆ హామీకి ఖర్చు కనిపించలేదు. 1990ల్లో రేట్లు పడిపోయాయి, ఆయుర్దాయం పెరిగింది. హామీ భారమైంది. హామీని వాడుకునేవారికి చివరి బోనస్‌ను తగ్గించి సరిపెట్టాలని సంస్థ చూసింది. ఇది చెల్లదని 2000 జులైలో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చింది. కొనుగోలుదారు దొరకక, అదే ఏడాది డిసెంబరు 8న సంస్థ కొత్త వ్యాపారానికి తలుపులు మూసింది. 2001లో పాలసీల విలువలకు కోత పడింది. పదవీ విరమణ కోసం దాచుకున్న లక్షల మంది నష్టపోయారు.

2004 మార్చిలో వెలువడిన లార్డ్ పెన్‌రోజ్ విచారణ నివేదిక ప్రధాన బాధ్యత సంస్థదేనని తేల్చింది. తగినంత ఆస్తుల అండ లేకుండా ఏళ్ల తరబడి బోనస్‌లు ప్రకటించారని చెప్పింది. మన చర్చకు పనికివచ్చే అంశం మరొకటి ఉంది. 1991 నుంచి 1997 వరకు సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడు, నియమిత యాక్చువరీ ఒకే వ్యక్తి. నియమిత యాక్చువరీ యాజమాన్యాన్ని హెచ్చరించాలి. యాజమాన్యం వినకపోతే నియంత్రకుడికి చెప్పాలి. ఇక్కడ హెచ్చరించవలసినవాడు, వినవలసినవాడు ఒక్కరే.

ఆ సంస్థ లోపల, బయట, ప్రభుత్వ పర్యవేక్షణ విభాగంలో అనేకమంది యాక్చువరీలు ఉన్నారు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేసి ఉంటే అంతా ఆగిపోయేదని చెప్పడం తొందరపాటు. కోర్టు తీర్పును చాలామంది ఊహించలేదు. కాని ఒక మాట నిలుస్తుంది. సాటివారి పనిని ప్రశ్నించే అలవాటు లేని వృత్తిలో నియమం ఉన్నా పనిచేయదు. 2005 మార్చిలో సర్ డెరెక్ మోరిస్ సమర్పించిన సమీక్షా నివేదిక యాక్చువరీ వృత్తిపై స్వతంత్ర పర్యవేక్షణ ఉండాలని సిఫారసు చేసింది. ఆ పనిని ఫైనాన్షియల్ రిపోర్టింగ్ కౌన్సిల్‌కు అప్పగించారు. అంటే, మమ్మల్ని మేమే చూసుకుంటామన్న వృత్తి మాటను ప్రభుత్వం పూర్తిగా నమ్మలేదన్నమాట.

11.7 బ్రిటన్ అనుసరించిన మార్గం

అమెరికా నియమంతో పోల్చడానికి బ్రిటన్‌లో రెండు విషయాలు చూడాలి.

మొదటిది వృత్తి నియమం. ఇన్‌స్టిట్యూట్ అండ్ ఫ్యాకల్టీ ఆఫ్ యాక్చువరీస్ నియమావళిలోని ఆరు సూత్రాలలో ఒకటి గళం విప్పడం గురించే. సభ్యులలో ఎవరిదైనా దుష్ప్రవర్తనగా కనిపించే విషయాన్ని వీలైనంత త్వరగా సంస్థకు తెలియజేయాలని అది ఆదేశిస్తుంది. ముందు మాట్లాడి చూడడం అక్కడ తెలియజేయడానికి మెట్టు కాదు. న్యాయం దృష్ట్యా ఇందులో కొంత కరకుదనం ఉంది. ఆలస్యం విషయంలో మాత్రం ఇది మెరుగైనది.

రెండవది, ఇంకా ముఖ్యమైనది చట్టం. 1991లో రాబర్ట్ మాక్స్‌వెల్ మరణానంతరం ఆయన సంస్థల పింఛను నిధుల నుంచి కోట్ల పౌండ్లు మళ్లించిన సంగతి బయటపడింది. దాని తరువాత వచ్చిన 1995 పింఛన్ల చట్టం, పథకంలో చట్ట ఉల్లంఘన జరుగుతున్నట్లు తోస్తే నియంత్రకుడికి తెలియజేయవలసిన విధిని ఆడిటరుపై, యాక్చువరీపై పెట్టింది. 2004 చట్టం ఈ విధిని ట్రస్టీలు, యజమానులు, ఇతర సలహాదారులకు కూడా విస్తరించింది. అలా రాసిన నివేదికలో ఉన్న సమాచారం కారణంగా, ఆ వ్యక్తి తన ఇతర విధులను అతిక్రమించినట్లు భావించరాదని కూడా అదే చట్టం చెబుతుంది. న్యాయవాది, క్లయింటు మధ్య రక్షణ ఉన్న సంభాషణలు మాత్రం మినహాయింపు.

ఈ చిన్న నిబంధన విలువ గమనించండి. అమెరికా నియమంలో మూసుకుపోయిన గోప్యత తలుపును ఇక్కడ చట్టం తెరిచింది. అది కూడా పత్రికలకు కాదు, అందరికీ కాదు, ఒక్క నియంత్రకుడికి. ఉద్యోగుల వివరాలు బజారున పడవు. తప్పు మాత్రం చేరవలసిన చోటికి చేరుతుంది. 11.5.2లో మనం అడిగిన ‘ఎంత, ఎవరికి, ఏ రక్షణతో’ అన్న ప్రశ్నకు ఇది ఒక సమాధానం. అయితే ఈ చట్టం పింఛను పథకాలలోని ఉల్లంఘనలకు సంబంధించినది. యాక్చువరీ చేసే ప్రతి పనికీ వర్తించదు.

11.8 భారతదేశంలో పరిస్థితి

మన దేశంలో 1944లో ఏర్పడిన యాక్చువేరియల్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థానంలో, 2006 యాక్చువరీల చట్టం ద్వారా ముంబయి కేంద్రంగా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆ చట్టం 2006 నవంబరు 10న అమల్లోకి వచ్చింది. దుష్ప్రవర్తన అంటే ఏమిటో దాని అనుబంధ పట్టిక చెబుతుంది. విచారణకు క్రమశిక్షణ సంఘం, అప్పీలుకు ప్రాధికార సంస్థ ఉన్నాయి. అమెరికాలో వృత్తి సంస్థల ఒప్పందంగా ఉన్నది ఇక్కడ పార్లమెంటు చట్టంగా ఉంది.

బీమా రంగంలో మరో మెట్టు ఉంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2000లో చేసిన నియమిత యాక్చువరీ నిబంధనలు ఒక విధిని స్పష్టంగా రాశాయి. బీమా సంస్థ చట్టాన్ని ఉల్లంఘించి, అది పాలసీదారుల ప్రయోజనాలను గణనీయంగా దెబ్బతీసేదైతే, నియమిత యాక్చువరీ తన అభిప్రాయాన్ని ప్రాధికార సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. తన పనిని అడ్డుకున్నా తెలపాలి. ఇది సంస్థ తప్పు గురించి చెప్పే విధి. సాటి యాక్చువరీ తప్పు గురించి చెప్పే విధి దీనికి భిన్నమైనదని గుర్తుంచుకోండి. ఒకదానిని మరొకటిగా పరీక్షలో రాయకండి.

తెలుగువారికి దగ్గరగా జరిగిన సత్యం ఉదంతం ఆడిటర్లకు సంబంధించినది. 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ స్వయంగా లేఖ రాసేవరకు, ఖాతాలలో చూపిన వేల కోట్ల నగదు నిజానికి లేదన్న సంగతి లోకానికి తెలియలేదు. తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, మోసం జరిగినట్లు నమ్మడానికి కారణం ఉంటే తెలియజేయవలసిన విధిని 143వ సెక్షన్ ద్వారా ఆడిటర్లపై పెట్టింది. లిస్టెడ్ కంపెనీలలో ఉద్యోగులు, డైరెక్టర్లు ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలని 177వ సెక్షన్ చెబుతుంది.

రక్షణ మాటకొస్తే పరిస్థితి అంత బాగా లేదు. 2014లో చేసిన ప్రజావేగుల రక్షణ చట్టం ప్రభుత్వ సేవకులపై ఫిర్యాదులకు ఉద్దేశించినది. రాష్ట్రపతి ఆమోదం పొందినా, దాన్ని అమల్లోకి తెచ్చే ప్రకటన ఏళ్లు గడిచినా రాలేదు. ప్రైవేటు సంస్థలో పనిచేసే యువ యాక్చువరీకి ఆ చట్టం వల్ల ఒరిగేది తక్కువ.

11.9 ఒక సమస్యా సందర్భం

కింది సందర్భం కల్పితం. పదమూడో నియమం తర్కాన్ని మాత్రం అరువు తెచ్చుకుని దానికి వర్తింపజేయండి.

ఒక సిమెంటు కర్మాగారం గ్రాట్యుటీ నిధి మదింపు పని మీకు కొత్తగా వచ్చింది. పాత కాగితాలు చూస్తే, గత మూడేళ్ల మదింపులలో 120 మంది కార్మికుల పేర్లు లేవు. వారు ఇప్పటికీ పనిచేస్తున్నారు. కొందరు మరో రెండేళ్లలో విరమణ చేస్తారు. పాత యాక్చువరీ నివేదికలో ఈ సంగతి ఎక్కడా లేదు.

మొదటి మెట్టు: వాస్తవం నిర్ధారించుకోవాలి. జీతాల పట్టికతో సరిచూడాలి. రెండవ మెట్టు: ఇది గణనీయమైనదా? 120 మంది చెల్లింపు భారం మొత్తంలో ఎంతో లెక్కించాలి. మూడవ మెట్టు: పాత యాక్చువరీతో మాట్లాడాలి. ‘వారిని వేరే ట్రస్టుకు మార్చారు, ఇదిగో ఉత్తరం’ అని ఆయన చూపిస్తే సంగతి అక్కడితో తేలిపోతుంది. ‘మేనేజరుగారు వదిలేయమన్నారు, మీరూ వదిలేయండి’ అంటే తేలలేదు. ఆ సంభాషణను తేదీతో రాసి ఉంచుకోవాలి.

నాలుగవ మెట్టు దగ్గర గోప్యత అడ్డు వస్తుంది. ఆ జాబితాలు క్లయింటువి. లెక్క సరిచేయమని, విషయం వృత్తి సంస్థకు తెలపడానికి సమ్మతించమని క్లయింటును అడగాలి. నిరాకరిస్తే న్యాయ సలహా తీసుకోవాలి. నియంత్రకుడికి చెప్పే మార్గం చట్టంలో ఉందేమో చూడాలి. వివరాలు బయటపెట్టకుండా వృత్తి సంస్థ మార్గదర్శకత్వం కోరాలి.

ఇవన్నీ చేసినా ఫిర్యాదు చేసే దారి దొరకలేదనుకోండి. అప్పుడు మీ విధి ముగిసినట్లేనా? కాదు. మీ మదింపులో ఆ 120 మంది ఉండి తీరాలి. గత నివేదికలతో తేడా ఎందుకు వచ్చిందో మీ నివేదికలో రాయాలి. అందుకు క్లయింటు ఒప్పుకోకపోతే పని వదులుకోవాలి. నోరు విప్పకుండా ఉండటానికి నియమావళిలో మినహాయింపు ఉంది గాని, తప్పు లెక్క మీద సంతకం పెట్టడానికి ఏ మినహాయింపూ లేదు. ఆ కార్మికులకు మీ పేరు కూడా తెలియదు. వారి గ్రాట్యుటీ మాత్రం మీ సంతకం కింద ఉంది.

11.10 సారాంశం

యాక్చువరీ తప్పును సకాలంలో చూడగలిగేది ప్రధానంగా మరో యాక్చువరీయే. అందువల్ల సాటివారి దుష్ప్రవర్తనను తెలియజేయడం ప్రజల పట్ల విధి అయింది. అమెరికా నియమావళిలోని పదమూడో నియమం మౌనాన్ని తప్పుగా గుర్తించింది. ముందు మాట్లాడమని చెప్పి న్యాయాన్ని, అల్పమైన వాటిని వదిలి వివేకాన్ని చూపింది. అయితే గోప్యత మినహాయింపు దాని బలాన్ని చాలావరకు హరించింది. అధికార వ్యత్యాసాన్ని, కాలపరిమితిని అది పట్టించుకోలేదు. బ్రిటన్ పింఛన్ల చట్టం, నియంత్రకుడి వరకు గోప్యతను సడలించి ఈ చిక్కుకు ఒక పరిష్కారం చూపింది. మన దేశంలో సంస్థ ఉల్లంఘనను తెలియజేసే విధి నియమిత యాక్చువరీకి ఉంది గాని, ప్రైవేటు రంగంలో తెలియజేసేవారికి రక్షణ బలహీనంగా ఉంది. విధిని మోపే చేయే రక్షణ కూడా ఇచ్చినప్పుడు ఇటువంటి నియమం పూర్తిగా పనిచేస్తుంది. అంతవరకు, తన సంతకాన్ని తాను కాపాడుకోవడం ప్రతి నిపుణుడి చేతిలో ఉన్న పని.

11.11 ముఖ్య పదాలు

మదింపు: భవిష్యత్ చెల్లింపుల నేటి విలువను, నిధి సరిపోతుందో లేదో లెక్కించడం.
డిస్కౌంటు రేటు: భవిష్యత్ సొమ్మును నేటి విలువకు మార్చడానికి వాడే రేటు.
నియమిత యాక్చువరీ: బీమా సంస్థ మదింపుకు చట్టం ప్రకారం బాధ్యత వహించే యాక్చువరీ.
గణనీయమైన ఉల్లంఘన: ముఖ్యమైనది, లేదా ఫలితాన్ని ప్రభావితం చేసే ఉల్లంఘన.
గోప్య సమాచారం: వృత్తి పనిలో తెలిసిన, బహిరంగం కాని సమాచారం.

11.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సాటి యాక్చువరీ దుష్ప్రవర్తనను తెలియజేసే విషయంలో పదమూడో నియమాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. గోప్యతకూ ఫిర్యాదు విధికీ మధ్య సంఘర్షణను అమెరికా, బ్రిటన్ ఏ విధంగా ఎదుర్కొన్నాయో పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఈక్విటబుల్ లైఫ్‌లో రెండు పదవులు ఒకే వ్యక్తి చేతిలో ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఏమిటి?
2. భారతదేశంలో నియమిత యాక్చువరీ ప్రాధికార సంస్థకు ఎప్పుడు తెలియజేయాలి?
3. 11.9లోని సందర్భంలో పాత యాక్చువరీ మీకు గురువు వంటివారైతే మీ నిర్ణయం మారుతుందా? కారణాలతో రాయండి.